కెటర్లింగ్ వారి పడమటి గోడ

కాల్డర్ ఫెర్రీ, అయోవా
మార్చి 4, 1957

వెర్లిన్ అన్నయ్యకు,

ఎడారి గాలి నీ ఉబ్బసానికి పడిందని విని సంతోషించాను. అయినా ముళ్ళ చెట్లు తప్ప నీడన్నది లేని ఆ టక్సన్‌లో మనిషన్నవాడు ఎలా ఉంటాడో నాకిప్పటికీ అంతుపట్టదు. ఇక్కడ మంచు ఇంకా మోకాలి లోతుంది. దుకాణంలో అమ్మకాలు లేవు. స్టవ్ దగ్గర కూచుని కబుర్లు చెప్పేవాళ్ళకి మాత్రం లోటు లేదు.

ఈ వేసవికి మన ఊరికి వందేళ్ళు నిండుతాయి. దాంతో ఊళ్ళో మగాళ్ళందరికీ పిచ్చెక్కింది. తాతల కాలం మనుషుల్లా కనిపించాలని అందరూ గడ్డాలు పెంచుతున్నారు. గీసుకున్నవాణ్ణి మెయిన్ స్ట్రీట్‌లో గుర్రాల నీళ్ళతొట్టిలో ముంచుతారట. ఇనుప సామాన్ల కొట్టు డ్వైట్ హాగెన్ కమిటీకి పెద్ద. అతని గడ్డం చూస్తే చిమ్నీ తుడిచే బ్రష్షు గుర్తొస్తుంది.

ఒక్కో దుకాణం చరిత్ర ఒక్కో పేజీ చొప్పున పుస్తకం వేస్తున్నారు. మన పేజీ నేను రాయాలి. మెయిన్ స్ట్రీట్ అంతా తగలబడి బూడిదైన ఏడాదే తాతయ్య అందరికంటే ముందు ఇటుక దుకాణం లేపి క్రిస్మస్‌కి తలుపులు తెరిచాడు కదా. మన పేజీకి ఆ ఒక్క మాట చాలు. కానీ అప్పుడు నేనింకా పుట్టలేదు. నీకు గుర్తున్నదీ, నాన్న చెప్పగా విన్నదీ రాసి పంపు.

ఇంకో కబురు. మే నెలలో కమిటీ గాలితో ఇసుక కొట్టే యంత్రం తెప్పిస్తోంది. వీధి పొడుగునా గోడల మీద పాత రంగు వలిచేసి అసలు ఇటుక చూపిస్తారట. నాన్న మూడేళ్ళకోసారి మన చేత వేయించిన ఆ ఎర్ర రంగు పీడ వదులుతుంది. అవిసె నూనె కంపు నా జుట్టులోంచి వారం దాకా పోయేది కాదు, గుర్తుందా?

నీ చెల్లెలు
ఇడెల్లా


(పోస్టుకార్డు)
టక్సన్, మార్చి 11

ఇడా,

రంగు తీయించకు. ముందు గోడైనా, పడమటి గోడైనా, దేని మీదా ఆ యంత్రాన్ని పెట్టనివ్వకు. కారణం కార్డు మీద రాసేది కాదు. వేరే ఉత్తరం రాస్తాను. పోస్టాఫీసు ఓపల్‌కి నా నమస్కారాలు, ఇది చదువుతోంది కాబట్టి.

వెర్లిన్


కాల్డర్ ఫెర్రీ
ఏప్రిల్ 2, 1957

అన్నయ్యా,

నీ కార్డు నాకంటే ముందు ఊరికి అందింది. ఓపల్ నీ నమస్కారాలు అందుకుని ముఖం మాడ్చుకుంది. ఆ తర్వాత కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పింది. సాయంత్రానికి మన వెనక వీధి హల్దా నా దగ్గరికొచ్చి "పాపం వెర్లిన్, తన అక్షరాలు పోతాయని బెంగ పెట్టుకున్నాడట" అంది.

కార్డు మీద రాయలేనన్న కారణం నాకు తెలుసులే. పడమటి గోడ మీద "కెటర్లింగ్ బట్టల దుకాణం" అని నిలువెత్తు అక్షరాలు రాసింది నువ్వే కదా. చివరి అక్షరం దగ్గర నిచ్చెన జారి ఊరగాయ పీపాలో పడ్డావు. ఆ సంగతి నిన్న గాక మొన్న పుట్టినవాళ్ళకి కూడా తెలుసు. ఇంత వయసొచ్చి అక్షరాల మీద ఆశ చావలేదని చెప్పడానికి సిగ్గుపడ్డావు. అందులో సిగ్గుపడేదేముంది? నాకు కళ్ళు చెమర్చాయి. ఫొటోగ్రాఫర్ని పిలిపించి గోడని పెద్ద ఫొటో తీయించాను. అద్దం కట్టించి గల్లా వెనక పెడతాను. రంగు పోయినా నీ అక్షరాలు పోవు.

చరిత్ర పేజీ మొదలుపెట్టాను. "అగ్నిప్రమాదం తర్వాత మొదటి ఇటుక మా తాతగారు అగస్ట్ కెటర్లింగ్ వేశారు" అని. బాగుందా? హాగెన్‌కి చదివి వినిపిస్తే గడ్డం నిమురుకుంటూ "ఇడెల్లా, మీరు ఇన్నాళ్ళూ రిబ్బన్లు అమ్ముతూ వృథా అయిపోయారు" అన్నాడు.

అక్షరాల గురించి ఇంక ఉత్తరం రాసే శ్రమ పడకు. నాకర్థమైంది.

ఇడెల్లా


టక్సన్
జూన్ 3, 1957

ఇడా,

ఆ కార్డు వేసిన మర్నాటి నించి నేను ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. ఊపిరి ఆడక కలం పట్టలేకపోయాను. ఫోన్ చేద్దామంటే నా చెవులకి అందులో ఈగ మోత తప్ప ఏమీ వినిపించదు. ఆలస్యం కాలేదన్న ఆశతో రాస్తున్నాను. ఈ ఉత్తరం పూర్తిగా చదివాకే కోపం తెచ్చుకో.

అక్షరాల బెంగ కాదే పిచ్చిదానా. ఆ గోడ మంచి ఇటుకతో కట్టలేదు.

ఊరు కాలిపోయాక అందరికీ ఒకేసారి ఇటుకలు కావాల్సొచ్చాయి. నది ఒడ్డున ఉన్న బట్టీ ఒక్కటే. బట్టీ నడుమ ఉన్నవి బాగా కాలి గట్టిపడతాయి. అంచుల్లోవి సగం కాలి మెత్తగా మిగులుతాయి. వాటిని లోపలి గోడలకి, వాన తగలనిచోట వాడతారు. మంచివాటికోసం వరసలో నిలబడితే వసంతం దాకా ఆగాలి. తాతయ్య ఆగలేదు. అంచు ఇటుకలు బండ్ల కొద్దీ తోలించి ముందు గోడా, పడమటి గోడా లేపేశాడు. క్రిస్మస్‌కి అందరికంటే ముందు తలుపులు తెరిచింది ఆ దారినే.

తర్వాత భయపడ్డాడు. బొటనవేలితో రుద్దితే పొడి రాలుతోందట. అందుకే అవిసె నూనెలో ఎర్రమట్టి కలిపి దట్టంగా పూయించాడు. ఆ రంగే దానికి చర్మం. దాన్ని దాటి నీళ్ళు లోపలికి పోకూడదు. నాన్న మూడేళ్ళకోసారి మనల్ని నిచ్చెనెక్కించింది సోకు కోసం కాదు. నాకు మొదటిసారి బ్రష్షు ఇచ్చిన రోజే నాన్న ఇదంతా చెప్పి, బయట అనొద్దన్నాడు. ఊళ్ళో అందరికీ పెళ్ళిబట్టలు అమ్మేవాళ్ళం, నాసిరకం ఇటుకతో కట్టుకున్నామని తెలిస్తే పరువేం ఉంటుంది? ఓపల్ చదివే కార్డు మీద ఈ మాట రాయలేకపోయానంటే అందుకే.

పై అంతస్తు దూలాలన్నీ ఒక చివర ఆ పడమటి గోడలోనే కూచున్నాయి. ఊరి విందులు జరిగే పై హాలూ దాని మీదే, నీ పడకగదీ దాని మీదే. నీ మంచం ఆ గోడకే ఆనుకుని ఉంటుంది. యంత్రాన్ని ముట్టుకోనివ్వకు.

నీ అన్న
వెర్లిన్


కాల్డర్ ఫెర్రీ
జూన్ 10, 1957

వెర్లిన్,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. యంత్రం వచ్చి వెళ్ళి మూడు వారాలైంది. గోడ ఎంత అందంగా ఉందో తెలుసా? లేత గులాబీ రంగులో, పండబోయే పీచ్ పండులా ఉంది. వీధిలో మిగతా కొట్లన్నీ ముదురు ఎరుపు, మనదొక్కటే ఈ రంగు. డెస్ మోయిన్స్ నించి ఆడవాళ్ళు కారాపి చూసి వెళ్తున్నారు.

పుస్తకం అచ్చుకి వెళ్ళింది. తాతయ్య పేరు మొదటి పేజీలో ఉంది. సరిగ్గా ఆ వారమే ఆయన్ని మోసగాణ్ణి చేస్తూ నువ్వు ఉత్తరం రాశావు. నాన్న నీకొక్కడికే చెప్పాడా? నాకెందుకు చెప్పలేదు? ఆయన మంచాన పడ్డప్పుడు ఒళ్ళు తుడిచింది నేను, దుకాణం నడిపింది నేను. ఆ దుకాణం నాకు రాసిచ్చాడన్న కడుపుమంట నీకు ఇన్నేళ్ళయినా చల్లారలేదని ఇప్పుడు తెలిసింది. ఊపిరాడని మనిషివి, నిన్ను తిట్టడం నాకూ బాధగానే ఉంది. అయినా తిడుతున్నాను.

యంత్రం తాలూకు దుమ్ము ఇంకా రాలుతోంది. పొద్దున్నే కాలిబాట ఊడవడమే పనైపోయింది. అంతకు మించి ఆ గోడకి ఏ జబ్బూ లేదు.

ఇడెల్లా


టక్సన్
జూలై 1, 1957

ఇడా,

దుకాణం నీది. నీకు దక్కడమే న్యాయమని నాన్నతో అన్నవాణ్ణి నేనే. నమ్మకపోతే పోనీ.

తాతయ్య మోసగాడని నేననలేదు. తొందరపడ్డాడు, ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ గోడని పసిపిల్లలా సాకాడు.

ఒకే ఒక్క ప్రశ్న. నువ్వు ఊడుస్తున్న దుమ్ము ఇసుక రంగా, గోడ రంగా? ఇంకేమీ అడగను.

వెర్లిన్


కాల్డర్ ఫెర్రీ
నవంబర్ 24, 1957

అన్నయ్యా,

ఇన్నాళ్ళూ రాయనందుకు ఏమనుకున్నావో. ఉత్సవం బాగా జరిగింది. కవాతులో బ్యాండు మన గోడ కిందే ఆగి వాయించింది. హాగెన్ ఉపన్యాసం అయ్యేలోపు ఇద్దరు ఆడవాళ్ళు ఎండకి సొమ్మసిల్లారు. గడ్డాలన్నీ గీసేసుకున్నారు. ఎవరి ముఖమూ ఎవరూ గుర్తుపట్టలేకపోయారు.

దుమ్ము గోడ రంగే.

ముందు యంత్రం మురికి అనుకున్నాను. యంత్రం వెళ్ళి ఆరు నెలలైంది, ఇప్పటికీ ఊడుస్తూనే ఉన్నాను. అక్టోబరు వానలకి పడకగదిలో గోడ కాగితం ఉబ్బింది. మంచం పక్క కిటికీ బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు. హాలులో నేలకీ గోడకీ మధ్య సందు ఏర్పడింది. గుడ్డలు కొలిచే కర్ర అందులోకి దూరుతోంది. హాగెన్‌ని పిలిచి చూపిస్తే "పాత ఇళ్ళు సర్దుకుంటాయి ఇడెల్లా, మనలాగే" అని నవ్వి, కాఫీ తాగి వెళ్ళాడు.

మళ్ళీ రంగు వేయిద్దామని పెయింటర్ని పిలిచాను. బ్రష్షుకి ఇటుకే పొడిగా అంటుకుని వస్తోంది, రంగు నిలబడదు అన్నాడు. నిన్న రాత్రి మొదటిసారి నీళ్ళు గట్టిగా గడ్డకట్టాయి. పొద్దున చూస్తే కాలిబాట మీద ఇటుక పెచ్చులు, రొట్టె ముక్కల్లా. ఎవరూ లేవకముందే ఏరి పొయ్యి వెనక పోశాను.

నీ మీద కోపం లేదు. భయంగా ఉంది.

ఇడెల్లా


టక్సన్
డిసెంబర్ 2, 1957

నా ఇడాకి,

ముందు నీ మంచం సంగతి. ఈ ఉత్తరం అందిన రోజే హల్దా ఇంటికి వెళ్ళిపో. హల్దా గురక పెడుతుంది, బైబిల్ చదివి వినిపిస్తుంది, తెలుసు. భరించు. పగలు దుకాణంలో ఉన్నా తూర్పు వైపే ఉండు.

చలికాలం నిలబడిందని ఆ గోడని నమ్మకు. అది పీల్చుకున్న నీళ్ళు గడ్డకట్టినంతకాలం ఆ మంచే జిగురులా పట్టుకుని ఉంటుంది. బండలా గట్టిగా అనిపిస్తుంది కూడా. వసంతంలో కరిగినప్పుడే పట్టు వదిలేస్తుంది. నది అవతల పాత గిడ్డంగి గోడ పోయింది అలాగే. మంచు కరిగిన రెండో రోజు, ఎండ కాస్తుండగా.

అగ్నిమాపక దళం వాళ్ళ పాన్‌కేకుల విందు ఏటా మార్చిలో మన హాలులోనే కదా జరుగుతుంది. ఊరు ఊరంతా ఆ నేల మీద ఉంటుంది. జరగనివ్వకు. కారణం అడుగుతారు. చెప్పాల్సి వస్తుంది, తాతయ్య గురించి కూడా. నీకు తల తీసేసినట్టుంటుందని తెలుసు. నన్ను రైలెక్కనిస్తే నేనే వచ్చి చెప్పేవాణ్ణి. డాక్టరు తలుపు దాటనివ్వడం లేదు.

వెర్లిన్


కాల్డర్ ఫెర్రీ
మార్చి 8, 1958

అన్నయ్యా,

క్రిస్మస్ ముందు నించీ హల్దా ఇంట్లోనే పడుకుంటున్నానని రాశాను కదా. గురక సంగతి నువ్వు తక్కువ చేసి చెప్పావు.

నిన్న అగ్నిమాపక దళం సమావేశానికి వెళ్ళాను. వాళ్ళ సమావేశానికి ఆడది వెళ్ళడం ఇదే మొదలట. అందరూ టోపీలు తీసి నిలబడ్డారు. ఎవరైనా పోయారేమో, ఆ కబురు తెచ్చాననుకున్నారు.

"హాలు ఈసారి ఇవ్వను. గోడ మంచిది కాదు" అన్నాను.

"మొన్న వేసవిలోనే కదండీ గోడ చూడ్డానికి జనం బారులు తీరారు" అన్నాడు హాగెన్. ఆ దళానికీ పెద్ద అతనే.

అప్పుడు చెప్పాను. బట్టీ అంచు ఇటుకలు, తాతయ్య తొందర, రంగు, అన్నీ. చెబుతుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

తర్వాత హాగెన్ అన్నాడు, "అంటే మీ తాత అరవై ఏళ్ళు ఈ ఊరికి మట్టిగోడ చూపించాడన్నమాట. మరి పుస్తకంలో ఆ ముక్క రాయలేదేం?"

"రంగున్నన్నాళ్ళూ అది గోడే డ్వైట్. రంగు వలిపించింది నువ్వు."

వెనక నించి ఎవరో, "పడేదైతే కవాతు రోజున హాగెన్ ఉపన్యాసానికే పడేది" అన్నారు. అందరూ నవ్వారు. హాగెన్ మాత్రం నవ్వలేదు. కోపంతో కాదు అన్నయ్యా. గోడ పోతే ఆ యంత్రం తెప్పించింది తనేనన్న చెడ్డపేరు తనకి జన్మంతా అంటుకుంటుంది. అది అతనికీ తెలిసింది.

తాళంచెవి నా దగ్గరే పెట్టుకుని వచ్చేశాను. విందు బడి జిమ్నాజియంలో పెట్టుకుంటారట. వచ్చే శుక్రవారం. దారిలో ఏడ్చాను గానీ ఇంటికొచ్చాక ఆకలేసింది. రెండు గిన్నెల సూప్ తాగాను.

ఇడెల్లా


కాల్డర్ ఫెర్రీ
మార్చి 16, 1958, ఆదివారం

వెర్లిన్,

ఇది కోపంతో రాయడం లేదు. అలసిపోయి రాస్తున్నాను.

విందు అయిపోయింది. జిమ్నాజియం సాక్సుల కంపు కొట్టిందట, పాన్‌కేకులు చల్లారిపోయాయట. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఊరంతా మన గోడ ముందు ఆగి, తలెత్తి చూసి, "ఇంకా నిలబడే ఉందమ్మా ఇడెల్లా" అని పలకరించి మరీ వెళ్ళారు. శనివారం పొద్దున చూస్తే ఎవరో గోడకి అట్టముక్క వేలాడదీశారు. "ఇక్కడ తుమ్మరాదు" అని రాసి ఉంది.

హాగెన్ తన బంధువుని తీసుకొచ్చాడు. వంతెనలు కట్టేవాడట. శనివారం మిట్టమధ్యాహ్నం, జనం చూస్తుండగా, ఆయన సుత్తితో పడమటి గోడ మీద అక్కడా ఇక్కడా కొట్టి చూశాడు. రాయి మీద కొట్టినట్టు ఖంగుమంది, నా చెవులతో విన్నాను. "ఇంకో యాభై ఏళ్ళు ఢోకా లేదు" అన్నాడు. హాగెన్ ఒక్కొక్కరితో చెయ్యి కలిపాడు, నాతో తప్ప.

హల్దాకీ నాకూ మాటలు పెరిగాయి. ఆమె మేనల్లుడు ఆ దళంలోనే ఉన్నాడు. "సొంత తాత పరువు వీధికెక్కించావు, దేనికి?" అని అడిగింది. వారం నించి దుకాణంలోకి ఒక్కరు రాలేదు. కాదు, ఒక్కత్తె వచ్చింది. రిబ్బను కొంటూ నన్ను జాలిగా చూసింది. దానికంటే ఎవరూ రాకపోవడమే నయం.

నువ్వు చెప్పినవన్నీ నమ్మి, ఊళ్ళో పిచ్చిదాన్నయ్యాను. నువ్వు మంచికే చెప్పావు, నాకు తెలుసు. కానీ ఆసుపత్రి మంచం మీద పడుకుని పదిహేను వందల మైళ్ళ దూరంలో ఉన్న గోడని చూడగలనని ఎలా అనుకున్నావు? నేనెలా నమ్మాను?

ఇవాళ చర్చి నించి తిన్నగా ఇంటికొచ్చేశాను. మన ఇంటికి. పక్క దులిపి, మంచం మళ్ళీ పడమటి గోడ పక్కకే జరుపుకున్నాను. నా దుప్పటి, నా దిండు, నా లాంతరు. ఎన్నాళ్ళకి హాయిగా ఉందో చెప్పలేను. చలి కూడా విరిగింది. చూరు నించి నీళ్ళు ధారగా కారుతున్నాయి, వీధిలో మంచు మెత్తబడింది. చలికాలమంతా మొరాయించిన మంచం పక్క కిటికీ, ఇందాక గాలి కోసమని వేలితో తోస్తేనే తెరుచుకుంది.

గోడ గురించి ఇంక నాకు రాయకు. ఇంకేదైనా రాయి. నీ దగ్గు గురించి రాయి.

ఇడెల్లా


టక్సన్
మార్చి 17, 1958

నా బంగారు ఇడాకి,

ఎనిమిదో తారీఖు నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఒకటికి నాలుగుసార్లు చదివాను, నర్సుకి కూడా చదివి వినిపించాను. అంతమంది మగాళ్ళ మధ్య నిలబడి, తాతయ్య సంగతి నీ నోటితో చెప్పావు. నాన్నా చెప్పలేకపోయాడు, నేనూ చెప్పలేకపోయాను. నీకు దుకాణం రాసిచ్చి నాన్న మంచి పని చేశాడు. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలీదు.

ఊళ్ళో నవ్వుతారు. నవ్వనీ. విందు జిమ్నాజియంలో జరిగి ఉంటుంది, హాగెన్ అలిగి ఉంటాడు. నాలుగు నెలలు పోతే అవన్నీ మర్చిపోతారు.

పొద్దున నర్సు పేపర్లో వాతావరణం చదివింది. అయోవా అంతా ఒక్కసారిగా వేడెక్కిందనీ, ఇవాళా రేపూ పెద్ద వానలనీ, నదులు పొంగుతాయనీ. పది రోజుల కిందటైతే ఆ మాట వినగానే నా ఊపిరి ఆగిపోయేది. ఈసారి మాత్రం రెండో గిన్నె గంజి కూడా అడిగి తాగాను. డాక్టరు ఆశ్చర్యపోయాడు. ఎన్నాళ్ళుగానో నన్ను పీకుతున్న భయం ఒక్కటే, అది వదిలిపోయింది. దుకాణం పోతే పోనీ, ఇటుకలు మళ్ళీ దొరుకుతాయి. ఈసారి బట్టీ నడుమవి కొందాం.

గోడ ఈ రాత్రి పడినా నాకు బెంగ లేదు. నువ్వు హల్దా ఇంట్లో ఉన్నావు.

నీ అన్న
వెర్లిన్